కారు తాళానికి కట్టిన పలుపు

కారు అమ్మకానికి పెట్టినప్పట్నుంచీ నాకు మనుషుల మీద నమ్మకం పోయింది. మదనపల్లెలో మా వీధికంతా అదొక్కటే స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకు అతుక్కున్నట్టు ఉంటుంది. నేను కొన్నప్పుడే పాతది, నా చేతిలో ఇంకా పాతదైంది. క్లచ్చి బిగుసుకుపోయింది, ఏసీ పనిచేయదు, ఎడమపక్క అద్దం దిగితే మళ్ళీ పైకి రాదు. మా అమ్మకు మోకాళ్ళు పోయినాక ఆమెను అందులో కూర్చోబెట్టడం, లేపడం ఇద్దరికీ యాతనైపోయింది. ఇంక వేరే బండి తప్పదు.

అమ్మ ఒప్పుకునింది గానీ, ఒక మాట తీసుకునింది. "కోతకు మాత్రం ఇయ్యొద్దురా."

కోతంటే ఆమె లెక్కలో, కారును ముక్కలు చేసి సామాన్లు అమ్ముకునేవాళ్ళకు ఇయ్యడం. నేను నవ్వలేదు. నా చదువు కోసం మా ఎర్రెద్దును పుంగనూరు సంతలో అమ్మినప్పుడు, కొన్నోడు సేద్యానికే అన్నాడు. అది కోతకు పోయిందని మాకు తర్వాత తెలిసింది. ఆ ఎద్దు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

మొదట పుంగనూరు నుంచి ఒకాయన వచ్చినాడు. కారు స్టార్ట్ కూడా చేయకుండా "గేర్‌బాక్సు బాగుండాదా? సీట్లు ఒరిజినలేనా?" అని దేనికది విడివిడిగా అడిగినాడు. పెండ్లిచూపులకు వచ్చి పిల్ల కమ్మలు మాత్రం చూసి పోయేవాడి మాదిరి. "అమ్మేది లేదప్పా, పో" అని పంపించేసినా.

తర్వాత కుప్పం అవతల, గుడుపల్లె దగ్గరి పల్లె నుంచి ఇంకొకాయన వచ్చినాడు. నాకంటే పెద్దోడు, పంచె, భుజాన టవలు. ఆవులు సాక్కుంటాడంట. ఆవులు కాసేవాడికి స్పోర్ట్స్ కారు యాల? నాకు అక్కడే తేడా కొట్టింది. చుట్టూ తిరిగినాడు, బానెట్ మీద చెయ్యేసి నిమిరినాడు, వంగి కిందంతా చూసినాడు.

"ఎద్దుకు చూసినట్టు సుడులేమన్నా ఉండాయేమో వెతుకుతాండావా?" అని ఎగతాళి చేసినా.

ఆయన నవ్వలేదు. "ఎవరినన్నా గుద్దిందా సామీ?" అని అడిగినాడు.

"లేదు."

"అయితే నేను తీసుకుంటా."

బేరం లేదు, రిపేర్ల ఊసే లేదు. బేరమాడనోడిని ఎట్లా నమ్మేది? నీకెందుకప్పా ఈ కారు అంటే, "బెంగుళూరులో ఒక ఓనరు దగ్గర ఇట్లాంటిదాన్నే ఏండ్ల తరబడి తుడిచినా. ఒక్కసారి కూడా తోలనియ్యలేదు" అన్నాడు. కథ బాగానే అల్లుకొచ్చినాడే అనుకున్నా.

"నేనే తోలుకొచ్చి మీ ఇంటికాడ అప్పజెప్తా" అన్నా. ఇల్లు చూస్తే తెలిసిపోతుంది గదా, సాకుతాడో కోస్తాడో.

బయల్దేరే పొద్దు అమ్మ కారు తాళానికి ఒక తాడు కట్టి ఇచ్చింది. నూలుదారం పేని, ఎద్దుల మెడకు కట్టే పలుపుకు వేసే ముడే వేసింది. "పోయే బండికి ఇదంతా యాలమ్మా?" అంటే "ఉండనీలే" అనింది. ఏదో దాస్తాందని, నా పాడుబుద్ధికి ఆమె మీద కూడా అనుమానం వచ్చింది.

పుంగనూరు దాటి, పలమనేరు మీదుగా కుప్పం దాకా ఆయన నా పక్కన బొమ్మ మాదిరి కూర్చున్నాడు. ఒకసారి ఫోను మోగితే అటు తిరిగి, "వస్తాండాం. చోటు చేసి పెట్టండి" అన్నాడు గుసగుసగా. చోటా? యాడ? పాత ఇనుము గుజరీలోనా?

తీరా చూస్తే వాళ్ళ ఇంటి పక్క కొట్టంలో ఆవుల్ని ఒక వారకు కట్టి, పేడ ఎత్తి, నీళ్ళు చల్లి ఉండారు. ఆయన భార్య హారతిపళ్ళెం పట్టుకుని నిలబడుండాది. అయినా నా అనుమానం చావలేదు. ఎన్నాళ్ళు ఉంచుతాడో ఈ కొట్టంలో, అనుకున్నా.

సంతకాలైనాక తాళం ఇచ్చినా. ఆయన ముడి విప్పి, అమ్మ కట్టిన తాడు నా చేతిలోనే పెట్టేసినాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమప్పా, మా అమ్మ కట్టిన తాడు నీకు పనికిరాలేదా?"

"అయ్యో, అట్ల కాదు సామీ. సాకేదానికి తోలుకుపోయేవాడు పలుపు అమ్మినోళ్ళకే ఇచ్చెయ్యాల. మా పలుపు మేమే కట్టుకోవాల." జేబులోంచి నల్లదారం తీసి తాళానికి కట్టుకున్నాడు. ఎద్దులుండే ఇంట్లో పుట్టి, చదువుల్లో పడి, ఈ పద్ధతి నాకు తెలీనే తెలీదు.

బస్సులో ఇల్లు చేరినా. అమ్మ గడపలోనే కూర్చోనుండాది. తిన్నావా అని కూడా అడగలేదు. "పలుపు తీసుకున్నాడా, ఇచ్చేసినాడా?" అనింది.

తాడు చేతిలో పెట్టినా. కండ్లకద్దుకుని ఏడ్చేసింది.

"కావాలనే కట్టినావామ్మా?"

"ఊ" అనింది. తాడు కొంగున ముడేసుకుంటా, "ఎర్రెద్దును కొన్నోడు పలుపుతోనే పట్టుకోని పాయె నాయనా. నేను సూస్తానే ఉండా. నీ ఫీజుకు ఆ పొద్దే ఆఖరు" అనింది.