గదిలో లేని ఎమ్మెట్

ఎమ్మెట్ స్ట్రౌడ్‌కు పాట పంచప్రాణాలు. అనుమానం ఆరో ప్రాణం.

ఇరవై రెండేళ్ళుగా అతని పక్కన ఫిడేలు వాయిస్తున్న కోయ్ బ్లాంటన్‌కు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. జనం చప్పట్లు కొడితే ఎమ్మెట్ టోపీ అంచు కిందినుంచి చూసేవాడు.

"ఆ మూడో వరుసవాళ్ళకు ఎందుకంత సంబరం? మన తర్వాత పాడేవాడి చుట్టాలేమో. మనం దిగిపోతున్నామని కొడుతున్నారు."

హోటల్లో మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్ల మీద పోసే గ్రేవీ రోజూకంటే రుచిగా ఉంటే చెంచా కింద పెట్టేసేవాడు.

"ఇవాళ దీని కింద ఏం దాచావు, మేవిస్?"

"నిన్నటి బిస్కట్లు. నోరు మూసుకుని తిను," అందోసారి వంటావిడ.

ఆ ఒక్కసారి నిజమైనందుకు పదేళ్ళు రెచ్చిపోయాడు.

ఓసారి సినిమావాళ్ళు అతని గడ్డం చూసి ముచ్చటపడి పాస్టరు వేషం ఇచ్చారు. దొంగ వచ్చి తప్పు ఒప్పుకుంటాడు. పాస్టరు నమ్మి కౌగిలించుకోవాలి. అంతే. పదిహేడుసార్లు తీశారు. ప్రతిసారీ ఎమ్మెట్ ఒక చేత్తో కౌగిలించుకుని, రెండో చేత్తో తన జేబు తడుముకున్నాడు.

"నమ్మవయ్యా మహానుభావా!" అని మొత్తుకున్నాడు డైరెక్టరు.

"వాడి కళ్ళు చూశారా మీరు?"

చివరికి అతన్ని దొంగను పట్టుకునే షెరీఫును చేశారు. ఒక్కసారి తీస్తే సరిపోయింది.

ఇవన్నీ కోయ్ నవ్వుతూ చెప్పుకునేవాడు. ఎమ్మెట్ కూతురు నెల్ పాటలు కట్టడం మొదలుపెట్టాక ఆ నవ్వు తగ్గింది. ఆ పిల్ల వంటింట్లో గిటారు పట్టుకుని కూనిరాగం తీస్తే చాలు, తండ్రి తింటున్న మొక్కజొన్న రొట్టె చేత్తోనే పట్టుకుని వానలోకి నడిచేవాడు.

"ఆయన లైన్లు కాజేస్తానని భయం, కోయ్ బాబాయ్," అంది నెల్. "సొంత కూతురి మీద కూడా! శుక్రవారం కొత్త పాటలు వినిపించే కెఫేలో పాడుతున్నా. అక్కడ కూడా లేచిపోయాడో, ఈ గిటారు గోడకు తగిలించి దాణాకొట్టు ఉద్యోగంలో చేరిపోతా."

కోయ్ వెళ్ళి ఎమ్మెట్‌ను నిలదీశాడు.

"సిగ్గులేదట్రా? కన్నకూతురు పాట కడుతుంటే పక్కన కూర్చోలేవా?"

"ఆ గదిలోనా? నేనా?" ఎమ్మెట్ రెండడుగులు వెనక్కి వేశాడు. "నన్ను ఇరికించమని నిన్నెవడు పంపాడు?"

శుక్రవారం నాష్‌విల్ కెఫేలో నెల్ పాడింది. విడిపోయిన మొగుడి చేతికి తప్ప స్టార్టవని పాత ట్రక్కు గురించి. ఎమ్మెట్ వెనకగోడకు ఆనుకుని నిలబడ్డాడు. చివరిదాకా కదల్లేదు.

చప్పట్లు ఆగాక, పాటలు కొనే కంపెనీ మనిషి ముందుకొచ్చాడు.

"భేషుగ్గా ఉందమ్మాయ్. ఇందులో మీ నాన్నవి ఎన్ని లైన్లు?"

"ఒక్కటీ లేదండీ."

"ఉండేది ఒకే ఇల్లు కదా! పాట పుట్టేటప్పుడు గదిలో ఎవరుంటే వాళ్ళందరి పేర్లూ రాసినవాళ్ళుగా వెయ్యాలి. మన పద్ధతి నీకు తెలియనిదా?"

నెల్ ముఖం వాడిపోయింది.

"ఏమయ్యోయ్!" ఎమ్మెట్ కుర్చీలు తోసుకుంటూ వచ్చి, కోటు జేబులోంచి నలిగిన నోటుపుస్తకం తీశాడు. "నీలాంటివాడొకడు తగలడతాడని రెండేళ్ళుగా నా అనుమానం. చూసుకో. మార్చి నాలుగు, ఇది రాగం తీస్తోంది. నేను మంగలికొట్లో ఉన్నాను. ఇదిగో అతని సంతకం. మార్చి ఆరు, మళ్ళీ తీసింది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నాను. ఇదిగో ఆయన సంతకం. ఏప్రిల్ రెండు, మళ్ళీ మంగలి..."

"ఆ బట్టతలకు మంగలెందుకు?" అన్నారెవరో.

"సాక్ష్యానికి!"

కంపెనీ మనిషి పేజీలు తిప్పాడు. అన్నిటికీ సంతకాలున్నాయి. కాసేపటికి పుస్తకం మూసి, "నెల్ స్ట్రౌడ్. ఒక్క పేరే," అని రాసుకున్నాడు.

"వానలో తిరిగింది ఇందుకా, నాన్నా?"

"పక్కన కూర్చుంటే బాగున్న లైనల్లా నాదనేవాళ్ళు. ఈ జనాన్ని నమ్మకూడదు."

"మరి పాట ఎలా ఉంది?"

ఎమ్మెట్ కళ్ళు చిట్లించాడు. "మరీ ఇంత బాగుందేమిటి? నిజం చెప్పు, ఎవరు రాసిపెట్టారు?"

"నేనే. గదిలో ఎవరూ లేరుగా."

"దానికి సాక్షి?"

"లేరు."

అతను కూతురి కళ్ళలోకి చూశాడు. తర్వాత టోపీ తీసి, ఆమె పక్క కుర్చీలో నెమ్మదిగా కూర్చున్నాడు.

"సరే, నమ్మాను. ఇంకోటి పాడు."

"ఇంకోటి సగమే అయింది, నాన్నా. ఇప్పుడే ఒక లైను తడుతోంది..."

ఎమ్మెట్ నిప్పు తొక్కినట్టు లేచాడు.

"కోయ్! చూశావుగా? నేనసలు కూర్చోనేలేదు!"