కొర్రమీనుకు కట్టిన ఇల్లు

హైటెక్ సిటీలో ఉద్యోగం అని ఉత్తరంలో రాస్తే మా ఊళ్లో అందరూ నేనేదో ఆకాశంలో ఉన్నాననుకునే రోజులవి. తొంభైల చివర్లో అక్కడ బస్సు దిగితే ముందు కనబడేది దుమ్ము, తర్వాత బండరాళ్లు, ఆ తర్వాతే ఆఫీసు. నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా చేరి, హఫీజ్‌పేట్‌లో అన్నయ్యావాళ్ల దగ్గర ఉండేదాన్ని. మాది గోదావరి వైపు. అన్నయ్య బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. మంచివాడు, నెమ్మదస్తుడు. ఒక్క గాలం పట్టుకున్నప్పుడే మనిషి మారిపోయేవాడు.

మా కాలనీ వెనక ఒక చెరువుండేది. ప్రతి ఆదివారం అన్నయ్య అక్కడ గాలం వేసి, మధ్యాహ్నానికి ఎండకు కమిలిన మొహంతో, ఖాళీ సంచితో తిరిగొచ్చేవాడు. అతనికి కావలసింది మామూలు చేప కాదు, కొర్రమీను. గాలానికి పడ్డాక చేతిలో కర్ర విరిగిపోయేంతగా పెనుగులాడుతుందని (ఇంతవరకూ ఒక్కటీ పడకపోయినా) అన్నం తింటూ వర్ణించేవాడు. చివరికి ఒకనాడు లోపం తనలో లేదని, చెరువులో ఉందని కనిపెట్టాడు. "అడుగంతా నున్నగా ఉందే. చేపకి దాక్కోడానికో మూల ఉండాలి, నీడ ఉండాలి. మనమే ఇల్లు కట్టిస్తే అదే వచ్చి చేరుతుంది" అన్నాడు. "ముందు మనకో ఇల్లు కట్టండి, చేపల సంగతి తర్వాత చూద్దాం" అంది వదిన, అద్దె ఇంటి గోడకేసి చూస్తూ.

ఆ మాట అన్నయ్య చెవికెక్కలేదు. మర్నాటి నుంచి ఇంట్లోకి ప్లాస్టిక్ పైపు ముక్కలు రావడం మొదలైంది. వాటిని వంటింట్లో స్టవ్ మీద వేడిచేసి కొమ్మల్లా వంచేవాడు. ఆ కంపుకి పక్కవాటా వాళ్లు కిటికీలు మూసుకున్నారు. వంచిన కొమ్మలన్నీ ఒక నిలువు పైపుకి అతికించి, దాన్ని బకెట్లో నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోయాలి. సిమెంటు గట్టిపడేదాకా పైపు వంగకుండా పట్టుకునే పని నాది. "ఏవండీ, ఆ బకెట్లో రేపు నేను బట్టలు నానబెట్టాలి!" అని వదిన అరిచేసరికి సిమెంటు సగం పోసేశాడు. పైపులతికించే జిగురు నా జడకంటుకుని, ఎంత కొబ్బరినూనె రాసినా వదల్లేదు. కత్తిరించేసుకుని ఆఫీసుకెళ్తే, పక్క సీటమ్మాయి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది కొత్త ఫ్యాషనా?" అంది. అవునన్నాను. చేపల కోసమని ఏ నోటితో చెప్పను?

అలా తయారైన ఐదారు బకెట్లని ట్రాలీ ఆటోలో చెరువుకి చేర్చాం. లారీ ట్యూబు మీద చెక్క కట్టి, దానిమీద ఒక్కో బకెట్టూ పెట్టి, నడుములోతు నీళ్లలో తోసుకెళ్లి దించాలి. "నువ్వు బక్కగా ఉంటావు, చెక్కమీద కూర్చుని పట్టుకో" అన్నాడు. బకెట్టు పక్కకి ఒరిగింది. దాన్ని నేను పట్టుకున్నాను. వదిలేయాలని ఎవరికైనా తెలుస్తుంది, నాకు తట్టలేదు. బురదలోంచి నేను పైకి లేచేసరికి అన్నయ్య కంగారుగా అడిగిన మొదటి ప్రశ్న: "పైపు నిటారుగానే ఉందా?"

నెల తిరిగేసరికి చేపలొచ్చాయి. అది మాత్రం ఒప్పుకోవాలి. పైపుల మధ్య నల్లగా, నా చేయంత పొడవున్నవి కదులుతుంటే ఒడ్డునుంచి కనబడేవి. అన్నయ్య పొంగిపోయాడు. గాలం వేశాడు. "పడిందే, పడింది! బలంగా లాగుతోంది!" పడింది పైపుకి. మళ్లీ వేశాడు, మళ్లీ పైపే. గాలాలన్నీ అలాగే తెగిపోయాయి. చేపలకి అంత భద్రమైన ఇల్లు కట్టాడు మహానుభావుడు!

అంతటితో ఆగినా బావుండేది. ఒక పొద్దున చెరువులో చేపలు పట్టుకునేవాళ్ల పెద్దాయన, భుజాన చినిగిన వలతో మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"నీళ్లల్ల పైపులు పాతింది మీరేనా సార్? వల జూడు ఎట్ల చినిగిందో."

"అదీ... చేపలుండటానికండీ" అన్నాడు అన్నయ్య.

"చేపలేమన్న కిరాయికి ఇల్లడిగినయా? ఇగ అన్ని తీసెయ్యుండ్రి. మేం బతుకుడెట్ల?"

తలుపు వెనక వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, తీసే పని కూడా నాదేనని తెలుసు కనక.

ఆ ఆదివారం పెద్దాయన ఒడ్డున నిలబడి చూస్తుండగా, ఒక్కో బకెట్టూ బురదలోంచి పెకలించాం. చివరిదాని మీద అన్నయ్య చెయ్యి వేశాడో లేదో, కెవ్వుమన్నాడు.

"ఏంది సార్, పామా?"

"చేపండీ! కరిచింది!"

వేలినుంచి రక్తం కారుతోంది. నీళ్లలోకి వంగి చూశాం. పైపుల నడుమ ఎర్రటి చిన్నచిన్న చేపపిల్లలు కుంకుమ చల్లినట్టు గుంపుగా ఆడుతున్నాయి. వాటి కింద నల్లటి కొర్రమీను, దమ్ముంటే మళ్లీ రమ్మన్నట్టు మావైపే తిరిగి ఉంది. ఇన్నాళ్లూ కలలోకొచ్చిన చేప అన్నయ్యకి చేతికందే దూరంలో ఉంది. అతను వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇది తియ్యనండీ. పిల్లలున్నాయి" అన్నాడు.

"పొద్దుగాల సంది పరేషాన్ జేస్తున్నవు గద సార్!" అని విసుక్కుంటూనే పెద్దాయన నీళ్లలోకి దిగి చూశాడు. తర్వాత తలపాగా అంచు చింపి, కర్రకి కట్టి అక్కడ పాతాడు. "సరే, పిల్లల్ని జర పెద్దగ కానియ్. మావోళ్ల వల ఇటు రాదు తీ."

ఆ తర్వాత ఆదివారాలు గాలం లేకుండానే వెళ్లేవాళ్లం. వదిన కూడా వచ్చేది. చేపపిల్లలు రంగు మారి, నల్లబడి, ఒకరోజు చూస్తే ఒక్కటీ లేదు. తల్లీ లేదు. అన్నయ్య ఒడ్డున నిలబడి, "ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాయే" అన్నాడు.

"చేపలు చెప్పి వెళ్తాయా అన్నయ్యా? నీకసలు బుద్ధుందా?" అని గయ్యిమన్నాను. అలా అని, నేనే ఇంకోసారి వంగి పైపుల మధ్య వెతికాను.

ఇప్పుడు ఆ జడ కత్తిరించుకున్న అమ్మాయిని తలుచుకుంటే నవ్వొస్తుంది. చెరువన్నా చేపన్నా అన్నయ్యన్నా తనకి విసుగని ఇంట్లో పొద్దస్తమానం సణిగేది. మరి ఆదివారం తెల్లవారగానే అందరికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అని అన్నయ్యా వదినల మీద కేకలేసింది ఎవరో, ఆ అమ్మాయినే అడగాలి.