నలభయ్యో కిలోమీటరు దగ్గర బాబా మబూజా

బాబా మబూజాకు ఒకే ఒక్క జబ్బు. మనిషి ఎదురుపడితే చాలు, ఆ మనిషి బుద్ధెరిగాక చేసిన ఘనకార్యాలన్నీ గొంతెత్తి వినిపిస్తాడు. వినేవాళ్లకు అంతకంటే కావలసిందేముంది అంటారేమో. కావలసింది ఓపిక. ఎందుకంటే వాళ్ల ఘనకార్యాల కంటే ముందు ఆయనవి వినాలి.

“పొగిడేవాడెవడో తెలియకపోతే ఆ పొగడ్తకు విలువేముంటుంది?” అని ఆయన వాదన.

అలా అని టోపీ సర్దుకుని, చేతికర్ర నేలకు తాటించి మొదలుపెట్టేవాడు: “నేను ఎలయాస్ మబూజాను! కొండమీది ఒంటిగది బడిలో నాలుగో తరగతి ప్రథముడిగా నెగ్గినవాణ్ణి! ఇరవై తొమ్మిదేళ్లు బంగారు గనిలో లిఫ్టు పంజరం నడిపినవాణ్ణి! రోజూ మూడు వేల మందిని పాతాళానికి దించి, దించినవాళ్లను దించినట్టే పైకి చేర్చినవాణ్ణి! డెబ్భై ఒక్క ఏళ్లు వచ్చినా మూడే పళ్లు పోగొట్టుకున్నవాణ్ణి!”

నాలుగో తరగతిలో ఆ ఏడు ఉన్నది ముగ్గురే. పరీక్ష రోజున అందులో ఒకడికి జ్వరం. ఆ సంగతి కూడా ఆయనే చెప్తాడు, కాకపోతే గొంతు కాస్త తగ్గించి.

ఒకసారి రోడ్డు అడ్డదిడ్డంగా దాటాడని ట్రాఫిక్ పోలీసు ఆపాడు. బాబా టోపీ సర్దుకున్నాడు. పంజరం దాకా వచ్చేసరికి వెనక కార్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి.

“సరే బాబా, వెళ్లండి,” అన్నాడు పోలీసు, ఆ పేటలో పెద్దవాళ్లందర్నీ పిలిచే పిలుపుతో.

“ఇంకా నీవి మొదలుపెట్టనే లేదు!”

“నావేం లేవు బాబా, వెళ్లండి!” అని పోలీసే మోటారు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎదుటివాళ్ల ఘనకార్యాలకు సాక్ష్యంగా ఆయన జేబులో ఎప్పుడూ ఒక నలిగిన నోటుబుక్కు ఉండేది. ఏడాది పొడుగునా తాముండే సొవెటో పేట వీధులన్నీ తిరిగి, జనాన్ని ఆపి, “ఫలానా అమ్మాయి ఈ మధ్య ఏం చేసింది?” అని అడిగి రాసుకునేవాడు. కొందరు ఆయన్ను పెళ్లిళ్ల పేరయ్య అనుకున్నారు. మందుల దుకాణంలో పనిచేసే దినియో మాత్రం, పనీపాటా లేని పెద్దాయన, పదిమంది గొడవలు పట్టించుకుంటాడు, అంతే అనుకునేది.

దినియో ఆరేళ్లుగా పేటలోని పరుగు సంఘంలో సభ్యురాలు. పరుగులో ఆమె ఎన్నడూ ఏ బహుమతీ తేలేదు. ఆదివారం పొద్దున్నే ఇంటిపని తప్పించుకోవడానికి ఇంతకంటే గౌరవమైన దారి దొరక్క పరిగెత్తేది. బాబా మబూజా కూడా ఆ సంఘంలో సభ్యుడే. ఒక్క అడుగూ పరిగెత్తిన పాపాన పోలేదు. “గనిలో పంజరం నా కోసం ఆగేది. పరిగెత్తే అవసరం నాకెందుకొస్తుంది?” అనేవాడు. సంఘానికి ఆయన సేవ ఏమిటంటే, నగర మారథాన్ రోజున నలభయ్యో కిలోమీటరు దగ్గర సంఘం గుడారం వేసి, వచ్చిపోయే తమవాళ్లను పొగడటం.

ఆ ఏడు దినియోకూ ఆ గుడారమే గతి అయింది. మారథాన్‌కు అయిదు వారాల ముందు మినీబస్సు ఆగీ ఆగకముందే దిగి చీలమండ మెలిపెట్టుకుంది. నడవొచ్చు కానీ పరిగెత్తకూడదన్నాడు డాక్టరు. మనిషికి కాలి నొప్పికంటే మనసు నొప్పి ఎక్కువైంది. కారణం బుసిస్వా.

బుసిస్వా ఆమె స్నేహితురాలు, పేట బడిలో వంటామె. పరుగులోకి లాగింది దినియోయే. మారథాన్‌కు గడువు ఆరు గంటలు. పొద్దున ఆరింటికి మొదలైతే, మధ్యాహ్నం పన్నెండుకు ముగింపు గీత దగ్గర ఒక అధికారి పరుగుల వాళ్లకు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఆ చప్పుడయ్యాక గీత దాటినవాడికి పతకమూ లేదు, పట్టికలో పేరూ లేదు. బుసిస్వా మొదటి ఏడు పది నిమిషాలు ఆలస్యమైంది. రెండో ఏడు నలభై సెకన్లు. ఆ వీపును ఆమె అంత దగ్గర నుంచి చూసింది.

పోతే పోయింది అనుకోవచ్చు. కానీ బడిలో నాలుగు వందల మంది పిల్లలు పతకం కోసం ఎదురుచూశారు. రెండేళ్లూ ఉత్త చేతులతో వెళ్తే, జాలిపడి వరసగా నిలబడి పాట పాడారు. “తిట్టినా పడేదాన్నే,” అంది బుసిస్వా. “ఆ పాట ఇంకోసారి వినలేను దినియో. ఈసారి కాకపోతే బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తా.” ఈసారి నీ పక్కనే పరిగెడతా, గీత దాటిస్తా అని దినియో మాటిచ్చింది. ఆ మాటిచ్చిన మనిషి ఇప్పుడు గుడారం కింద ఉడికిన బంగాళాదుంపల మీద ఉప్పు చల్లుతోంది.

తొమ్మిదింటి నుంచీ తమవాళ్లు రావడం మొదలైంది. అందరికంటే ముందు మోతుసి. సంఘంలో అందరికంటే వేగం అతనిదే.

“నేను ఎలయాస్ మబూజాను!” అని బాబా అందుకున్నాడు. నాలుగో తరగతి దాటేసరికి మోతుసి గుడారం దాటేశాడు.

“బాబా, ఆరేళ్లుగా మీ చరిత్రే వింటున్నా! నాదెప్పుడు చెప్తారు?” అని వెనక్కి తిరిగి అరిచాడు.

“నెమ్మదిగా పరిగెత్తు, చెప్తా!”

ఇదీ వరస. వేగంగా పోయేవాళ్లకు ఆయన చరిత్ర, నిదానస్తులకు వాళ్ల చరిత్ర. “అయిదుసార్లు డ్రైవింగ్ పరీక్ష తప్పి, ఆరోసారి పరీక్ష పెట్టేవాణ్ణే అలిసిపోయేలా చేసినవాడా!” అని ఒకణ్ణి పొగిడితే, వాడు సిగ్గుతో తల దించుకుని వేగం పెంచాడు. మరొకామె ఆయన కంటపడకూడదని రోడ్డుకు అటు చివర నుంచి, ఒక లావాటి మనిషి చాటున పోయింది. “దాక్కున్నా కనిపించేంత వెలుగున్నదానా!” అని దాన్నీ బిరుదుగానే ఇచ్చాడు.

పదకొండింటికి ఒక పొరపాటు జరిగింది. తమ సంఘం రంగు బనియను వేసుకున్న బట్టతలాయన వస్తుంటే, తమవాడే అనుకుని బాబా ఎత్తుకున్నాడు. తన చరిత్ర అయింది, అవతలివాడి చరిత్రలో కవలపిల్లల దాకా వచ్చింది.

ఆ మనిషి ఆగిపోయాడు. “బాబా, నాకు పెళ్లయి మూడు నెలలే. కవలలేంటి?”

దినియో నుదురు కొట్టుకుంది. బాబా మాత్రం చలించలేదు. ఎత్తుకున్న పొగడ్త మధ్యలో దించడం విస్తరి ముందు నుంచి మనిషిని లేపడంతో సమానం అక్కడ.

“ఎవరైతేనేం! చెప్పు నాయనా, నువ్వేం చేశావ్?”

“నేనా...” ఆయన రొప్పుతూ ఆలోచించాడు. “కిందటి వారం మా అత్తగారింట్లో కుళాయి బాగుచేశాను.”

“అత్తవారి ఇంట గంగ పారించినవాడా!” అని బాబా కర్ర ఎత్తాడు. చుట్టుపక్కల గుడారాల వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆ బట్టతలాయన కొత్త పెళ్లికొడుకులా వెళ్లాడు.

దినియో నవ్వలేదు. ఆమె చూపు రోడ్డు వంపు మీదే ఉంది. పదకొండూ ముప్పై నాలుగు. ఆరు గంటల్లో చేర్చే ‘బస్సు’ వచ్చేసింది. బస్సంటే చక్రాలున్నది కాదు. ముందొక అనుభవజ్ఞుడు జెండా పట్టుకుని ఒకే వేగంతో పరిగెడుతుంటే, వెనక వందమంది పాట పాడుతూ అడుగులో అడుగేస్తారు. దాన్ని వదలకపోతే గడువు తప్పదు. పాట దగ్గరకొచ్చింది, దాటిపోయింది. అందులో బుసిస్వా లేదు.

రెండు నిమిషాలకు వచ్చింది. వచ్చింది అనడానికి లేదు, కొట్టుకొచ్చింది. సరిగ్గా గుడారం ముందు కాలిబాట అంచు మీద కూలబడింది.

“అయిపోయింది దినియో. బస్సు వదిలేసింది.”

“ఇరవై నాలుగు నిమిషాలున్నాయే! రెండు కిలోమీటర్ల చిల్లర. లే!”

“ఈ కాళ్లు నావి కావు.”

“ఎవరివైనా సరే, లేపు! ఇదిగో, బంగాళాదుంప తిను.”

“నువ్వే తిను. పిల్లలకు ఏదో చెప్పుకుంటాలే.”

వెనక బాబా గొంతు సవరించుకోవడం వినపడి దినియో గిరుక్కున తిరిగింది. ఆయన సొంత చరిత్రకే నిమిషం ఇరవై సెకన్లు పడుతుంది. ఆరేళ్లలో ఎన్నోసార్లు గడియారం పెట్టి చూసుకుంది.

“బాబా, మీకు పుణ్యముంటుంది, ఇవాళ్టికి పంజరం వద్దు. టైము లేదు!”

బాబా ఆమె వైపు చూడనైనా లేదు. టోపీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“బుసిస్వా!” అన్నాడు. “గ్యాసు అయిపోయిన రోజున కట్టెలు మోసుకొచ్చి నాలుగు వందల పళ్లాలు నింపినదానా!”

ఎలయాస్ లేడు, నాలుగో తరగతి లేదు, పళ్ల లెక్క లేదు.

“కూరలో ఉప్పు ఎక్కువైందన్న ఒకటో తరగతి బుడతణ్ణి పిలిచి, రోజూ రుచి చూసే ఉద్యోగం ఇచ్చినదానా!”

బుసిస్వా తల ఎత్తింది. “ఆ సంగతి మీకెవరు చెప్పారు?”

“ఆ ఉద్యోగే చెప్పాడు. కళ్లు కనిపించని పక్కింటి ముసలమ్మకు మూడేళ్లుగా ఉత్తరాలు చదివి, చెడ్డ కబురున్న చోట దగ్గు తెచ్చుకునేదానా!”

పెద్దవాడు నిలబడి పేరు పెట్టి పొగుడుతుంటే కూర్చుని వినే పెంపకం ఆ పేటలో ఎవరికీ లేదు. బుసిస్వా మోకాళ్ల మీద చేతులానించింది. మూలిగింది. బాబాను ఏదో తిట్టింది. లేచి నిలబడింది.

నిలబడింది కాబట్టి బాబా నడవడం మొదలుపెట్టాడు. నంబరు లేనివాళ్లు రోడ్డు మీదికి రాకూడదని ఒక కార్యకర్త అడ్డంగా చెయ్యి చాపితే, “నేను కాలిబాట మనిషిని నాయనా,” అని కాలిబాట మీదే, నల్ల తోలుబూట్లతో, కర్ర ఊపుకుంటూ సాగాడు. పొగడ్త కదిలిపోతుంటే బుసిస్వా ఏం చేస్తుంది? రోడ్డు మీద తనూ కదిలింది. దినియో ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో బంగాళాదుంపల గిన్నె పట్టుకుని కుంటుతూ వెంటపడింది.

“వానలో పిల్లల బూట్లు పొయ్యి చుట్టూ ఆరబెట్టి, ఏ జత ఎవరిదో తప్పకుండా ఇచ్చినదానా!”

కాలిబాట మీద జనం ఆగి చూశారు. ఎవరో తెలియకపోయినా పొగడ్తకు బదులివ్వడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. “ఆమే!” అని అరిచారు. మగ్విన్యా బొండాలు వేయిస్తున్నామె మూకుడు వదిలి “ఆమే!” అంది. బాబా తోపుడుబండిని చుట్టి, తొట్టిబండిలో పాపను తప్పించి, ఒక కుక్కను దాటి, బిరుదు మీద బిరుదు వేస్తూనే ఉన్నాడు. ఏ వీధి మలుపులోనూ ఊపిరి కోసం ఆగలేదు. ఆరేళ్ల స్నేహంలో తనకు తెలియని సంగతులు ఆ కాలిబాట మీద ఒక్కొక్కటీ వింటూ దినియో తన స్నేహితురాలి వీపు కేసి కొత్తగా చూసింది. ఆ వీపు ఇప్పుడు నడవడం లేదు. పరిగెడుతోంది.

“బాబా, మీరిక ఆగండి, పడిపోతారు!”

“పదిహేనోది, తల్లీ! ఆగితే వరస తప్పుతుంది!”

గీత దగ్గర కంచె అడ్డమొచ్చింది. అధికారి వీపు తిప్పేశాడు, తుపాకీ ఎత్తాడు. దినియో కళ్లు మూసుకుంది. చెవులు మాత్రం ఎలా మూసుకుంటుంది, రెండు చేతుల్లోనూ సామాను!

తుపాకీ పేలింది. కళ్లు తెరిచేసరికి బుసిస్వా గీతకు అవతల ఉంది, మెడలో పతకం వేయడానికి ఒకామె చేతులు చాపుతోంది. పందొమ్మిది సెకన్లు మిగిలాయని తర్వాత తెలిసింది.

పచ్చికలో వెల్లకిలా పడి ఉన్న బుసిస్వా దగ్గరకు ముగ్గురూ చేరారు. ముగ్గురంటే దినియో, బాబా, బంగాళాదుంపలు.

“బాబా,” అంది దినియో, “మీ గొప్పలు లేకుండా మీరు నోరు తెరవడం ఇదే మొదటిసారి.”

బాబా మొహం తుడుచుకున్నాడు. “నా గొప్పలు ఎందుకనుకున్నావ్? కాళ్లలో సత్తువున్నవాడు ముసలాణ్ణి చూసి ఇంత నవ్వుకుంటే చాలు, రెండు కిలోమీటర్లు పోతాడు. సత్తువ అయిపోయినవాడికి నవ్వూ రాదు, నేనూ పనికిరాను. వాడి గొప్పలే కావాలి. అందుకే ఏడాదంతా పోగేస్తా.” అని టోపీ అందుకుని, నోటుబుక్కు తెరిచి, వేలు తడిచేసి పుట తిప్పాడు. “లే, బుసిస్వా. ఇంకా పదకొండున్నాయి.”

“బాబా! గీత దాటేశాను కదా!”

“గీత నువ్వు దాటావు. పొగడ్త దాటలేదు. లే.”

బుసిస్వా ఆకాశానికి దణ్ణం పెట్టి, దినియో చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. పతకం పొట్ట మీద ఊగుతోంది.

“మాడిన గంజిని తేనె గంజి అని నమ్మించి పిల్లలందరి చేతా తాగించినదానా!”

“అది నేను కాదు! ఆ రోజు సెలవులో ఉన్నా! మాడబెట్టింది ఆ కొత్తమ్మాయి!” అరగంట కిందట ‘ఈ కాళ్లు నావి కావు’ అన్న మనిషి ఇప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని వాదిస్తోంది. “ఎవరు రాయించారు మీ చేత? కొట్టేయండి!”

“సాక్షులున్నారు.”

“పిలవండి సాక్షుల్ని!”

వాళ్లిద్దరూ పెన్సిలు కోసం తగువాడుకుంటుంటే, దినియో పచ్చికలో కాళ్లు చాపి, గిన్నెలో మిగిలిన బంగాళాదుంప నోట్లో వేసుకుంది. తననెవరూ పొగడటం లేదు కాబట్టి, హాయిగా కూర్చుంది.