బిందె నిండేలోపు పాఠం

మా చిన్నప్పుడు... మా ఇంట్లో చదువంటే చప్పుడు.

గొంతు వినిపిస్తే చదువుతున్నట్టు, వినిపించకపోతే దొంగాట ఆడుతున్నట్టు. మా అక్క అరుగు మీద కూర్చుని ముందుకూ వెనక్కీ ఊగుతూ బట్టీ పడుతుంటే మా నాయిన మురిసిపోయేవాడు. నేను పుస్తకం మూసి, గోడకేసి చూస్తూ పెదాలు కదిపితే మాత్రం... ఇది మొద్దు, దీనికి చదువు అబ్బదు అనేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా నన్ను అట్లనే చూపించేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అంతకుముందు నేనూ బట్టీ పట్టినదాన్నే. ఏడో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో, సోషల్ జవాబులో ఒక్క లైను మర్చిపోయాను. ఆ ఒక్కటీ పోయేసరికి వెనకాల ఉన్నవన్నీ దాని వెంటే పోయాయి... దాదాపు తెల్లకాగితం ఇచ్చి వచ్చాను.

ఆ మార్కులు చూసి నాయిన తేల్చేశాడు. ఎండాకాలం దాటితే బడి బంద్. మరిపెడలో రోడ్డు పక్కన మా మేనత్తకు చాయ్ హోటల్ ఉండేది. నన్ను సాయంగా పంపిస్తానని ఆమెకు మాట కూడా ఇచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే మా బడికి సుగుణ టీచర్ వచ్చింది.

బక్కపలచటి మనిషి. పాఠం ఒకసారి చదివించి పుస్తకాలు మూయించేది. ఇక చెప్పండి అని, మాకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి నిలబడేది... ఆమె ముఖం చూసి జవాబు పసిగట్టకుండా. ఎవరైనా "ఉభయ సభల ఆమోదం" అని పుస్తకం మాట వదిలితే, వెనక్కి తిరక్కుండానే "అంటే?" అనేది. ఇంకో పెద్ద మాట చెప్తే మళ్లీ "అంటే?" ఇంట్లో మాట్లాడుకునే మాట నోట్లోంచి వచ్చేదాకా వదిలేది కాదు.

నేను తెలివి చూపించబోయి, సభలో కుర్చీలు విరిగినట్టు, తలలు పగిలినట్టు చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"నీ మాటల్లో చెప్పమన్న. నీ ముచ్చట కలపమనలేదు."

ఆ రెండూ వేరని నాకు ఆ రోజే తెలిసింది.

ఆమె ఇచ్చే ఇంటిపని ఇంకా వింత. రాసుకు రమ్మనేది కాదు. సాయంత్రం నల్లా దగ్గరికి పోయి, బడి ముఖం చూడనివాళ్లకు పాఠం చెప్పాలి. వాళ్ల బిందె నిండేలోపు అయిపోవాలి. విన్నవాళ్లు దాన్ని మళ్లీ ఇంకొకరికి చెప్పగలగాలి... అప్పుడే నీకు పాఠం వచ్చినట్టు.

సుబేదారిలో మా గల్లీ నల్లాకు ధార సన్నం. అయినా మొదటి రోజు ఐదు బిందెలు నిండినా నా పాఠం ఒడవలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో తెలిస్తే కదా...

మా వెనకింటి లచ్చమ్మ ఇటుకలు మోసే పనికి పోయేది. నాకు పరీక్ష పెట్టింది ఆమే, ఆమెకు తెలియకుండా. ఆమె చూపు బిందె మీదికి పోయిందంటే నేను అక్కర లేనిది చెప్తున్నట్టు. నా మీదే నిలిచిందంటే దారిలో ఉన్నట్టు. అట్లా ఆమె కళ్లు చూసుకుంటూ తేదీలు వదిలాను, బిరుదులు వదిలాను... ఒక నెలలో ఒక్క బిందెకు దిగాను.

చట్టం ఎట్లా తయారవుతుందన్న పాఠం చెప్తున్నాను ఒక సాయంత్రం. మా నాయిన వచ్చాడు. ఎనుమాముల మార్కెట్లో కాంటా దగ్గర పని ఆయనది, మిర్చి సీజన్ కాబట్టి సైకిల్ దిగకముందే మాకు తుమ్ములు మొదలయ్యేవి. నా సంకలో మూసిన పుస్తకం, చుట్టూ ఆడవాళ్లు... ఇంకేం కావాలి ఆయనకు? ముచ్చట్లు పెడుతున్నానని పుస్తకం లాక్కుని నన్ను ఇంటికి తోలాడు. ఇక నీళ్లకు అక్కనే పోవాలన్నాడు.

తెల్లారి లచ్చమ్మ పనికి పోతూ మా గడప ముందు ఆగింది.

"పిల్లను జర పిలువు తమ్మీ. నిన్న కాయిదం రెండో ఇంటి కాడ ఆగింది."

ఏ కాయిదమని అడిగాడు నాయిన.

"గా మాత్రం తెల్వదా? కొత్త కానూన్ చెయ్యాల్నంటె ముందుగాల కాయిదం మీద రాస్తరు. మనం ఓట్లేసి పంపినోళ్లు ఒక ఇంట్ల కూసోని, ఇది ఉండాల్నా వద్దా అని వాదులాడుతరు. ఎక్కువ మంది ఊ అంటెనే రెండో ఇంటికి పోతది. ఆడ గూడ మళ్ల గదే పంచాది. గక్కడికి వచ్చేసరికి నువ్వొచ్చి పిల్లను గుంజుకపోయినవ్. నాకు నిద్ర వట్టలే."

నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఇదంతా నీకెవరు చెప్పారని అడగలేదు. నా వైపు తిరిగాడు... తిడతాడనుకుని వెనక్కి జరిగాను.

"మరి ఆడ ఒప్పుకున్నరా?" అన్నాడు.

చెప్పాను. రెండో ఇంట్లో కూడా సరేనంటే రాష్ట్రపతి దస్కత్ పెడతాడని, దస్కత్ పడేదాకా అది ఉత్త కాయిదమేనని. లచ్చమ్మ తృప్తిగా తలూపి, సద్ది గిన్నె చంకన పెట్టుకుని పోయింది.

తర్వాత కాలేజీలో పెద్ద పెద్ద చదువుల సార్లను చూశాను... కానీ పాఠం విన్నవాళ్ల సొంతమైతేనే చెప్పినవాళ్లకు వచ్చినట్టని నమ్మిన మనిషిని సుగుణ టీచర్ తర్వాత మళ్లీ చూడలేదు. ఇప్పుడు ఫోన్ మీద వేలు పెడితే ఎంత లావు పుస్తకమైనా నాలుగు ముక్కల్లో వచ్చేస్తుంది... అందరికీ అవే నాలుగు ముక్కలు. ఎవరి యాసా లేని మాటలు.

మీరు ఎవరికి చెప్తూ చెప్తూ నేర్చుకున్నారో రాయండి... చదవాలనుంది.

ఆ పొద్దున లచ్చమ్మ పోయాక, నాయిన గొంతు తగ్గించి, మరిపెడ అత్తకు మాటిచ్చిన కదా, ఎట్ల మరి అన్నాడు.

నేను పోను నాయినా, బడికే పోత అన్నాను.