పక్కిండ్లను అడిగే పద్ధతి

జడ్చర్లలో ఇక్బాల్ బీ సంబంధాలు కుదిర్చే మనిషి. ఎవరైనా వరుణ్ని చూసిపెట్టమంటే ఆమె నేరుగా పిల్లవాడి ఇంటికి పోదు. అటు పక్కింట్లో చాయ్ తాగుతుంది, ఇటు పక్కింట్లో ఆకూవక్కా వేసుకుంటుంది. ఆ తర్వాతే అసలు గడప తొక్కుతుంది.

ఆమె కొడుకు బిడ్డ హిబా బీఎస్సీ చదివింది. ఊరి బయటి మందుల కంపెనీలో ఉద్యోగానికి ఇంగ్లిష్ పరీక్ష రాసి ఒకసారి తప్పింది. తెలియని మాట ఒక్కటి తగిలితే అక్కడే కూలబడిపోయేది. మిగిలిన ప్రశ్నలు అట్లాగే ఉండిపోయాయి. ఇంకొక్క అవకాశమే ఇస్తామన్నారు. అందుకని నిఘంటువు ముందేసుకుని వల్లె వేసింది. పొద్దున వచ్చిన మాటలు సాయంత్రానికి జారిపోయేవి.

"మొహం గట్ల పెట్టినవేందే?" అంది ఇక్బాల్ బీ, వంటింట్లో.

"గీ మాటకు అర్థం తెలుస్తలేదు దాదీ. పరీక్షల ఫోన్ చూడనియ్యరు."

"ఆ మాట ఒక్కటే ఉన్నదా?"

"ముందట, ఎనక మస్తు మాటలున్నయి."

"అవి ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి వాటిని అడగవేందే? పిలగాని ఇంటికే పోయి మీవోడు మంచోడేనా అంటే, కాదంటరా వాళ్లు?"

హిబాకు నవ్వొచ్చింది. కానీ ఆనాటి నుంచి దాదీ బీపీ గోలీల డబ్బాలోని ఇంగ్లిష్ కాగితం తీసి చదవసాగింది. కొత్త మాటను బొటనవేలితో మూసి, పక్క మాటల్ని బట్టి అర్థం ఊహించి, ఆ తర్వాతే నిఘంటువు తెరిచేది. అట్లా దొరికిన మాటలు మళ్లీ పోలేదు.

పరీక్షలో 'రెసిడ్యూ' అన్న మాట ఎదురైంది. చెయ్యి ఆగింది. హిబా పక్కిండ్ల వైపు తిరిగింది. ముందు వాక్యం పాత్ర కడగమంటోంది. ఆ మాటున్న వాక్యం, అది కొంచెం కూడా ఉండకూడదంటోంది. వెనక వాక్యం, ఆ తర్వాతే కొత్త మందు పోయమంటోంది. అయితే మధ్యలోది పాత మందు అడుగున అంటుకుని మిగిలేదే అయ్యుండాలి. ఇంట్లో అన్నం గిన్నె అడుగు గుర్తొచ్చింది. జవాబు రాసి, కింది ప్రశ్నకు దిగింది.

ఉద్యోగం వచ్చిందని ఫోన్ వచ్చేసరికి ఇక్బాల్ బీ బురఖా వేసుకుని ఏదో సంబంధానికి బయలుదేరుతోంది.

"వచ్చిందా?"

"వచ్చింది దాదీ."

"అయితే పక్కిండ్లోల్లు అబద్ధం చెప్పలే."

హిబా దాదీ చెప్పులు తెచ్చి, వంగి కాళ్ల ముందు పెట్టింది.

"ఎడమకు కుడిది పెట్టినవే," అంది ఇక్బాల్ బీ, మనవరాలి తల నిమురుతూ.