దేవిక మునుం

చంద్లాపూర్ లచ్చవ్వ పెళ్లయి వచ్చిన ఏటి నుంచీ నాట్లకు పోతూనే ఉంది. ఆమె చెబుతుంటే వినడం నాకిష్టం. మాట సగంలో ఆపి కోడిని అదిలించి, మళ్లీ అక్కడి నుంచే అందుకుంటుంది. ఆటో బోల్తా పడిన సంగతి మాత్రం ఆగి ఆగి చెప్పింది.

నాటు వేసి గుంపంతా ఇంటికొస్తుంటే కాలువ మలుపులో ఆటో ఒరిగి గట్టు కిందికి పడింది. అందరికీ గీతలు, వాపులు. లచ్చవ్వకు కూతురి వరసయ్యే దేవికకు మాత్రం తొడ ఎముక విరిగింది, సిద్దిపేట దవాఖానలో చేర్చారు. నాటులో ఒక్కొక్కరి వంతుకు వచ్చే వరుసను మునుం అంటారు. దేవిక ఎప్పుడూ లచ్చవ్వ పక్క మునుమే పట్టేది.

మర్నాడు గుంపంతా బస్సులో పోయి దేవికను చూసి వచ్చింది. లచ్చవ్వ పోలేదు. ఏ బండి చప్పుడు విన్నా ఇంట్లోకి పోయి తలుపేసుకునేది. బువ్వ ముందు కూర్చుని ఊరికే లేచేది. దేవికే ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, అందరొచ్చిన్రు, నువ్వే రాలే. నా మీద కోపమా?"

"కోపమెందుకు బిడ్డా. వస్త."

అనైతే అంది. ఎలా పోవాలో మాత్రం తెలియలేదు.

అక్కడ ఆ రోజు నాటేసిన సాంబయ్య పొలంలో ఇంకా సగం మిగిలి ఉంది. పీకిన నారు కట్టలు ఎక్కువసేపు ఆగవు, పండుబారిపోతాయి. రమ్మని పిలవడానికి సాంబయ్యకు నోరు రాలేదు. గుంపు పెద్ద కనకవ్వే ఇల్లిల్లూ తిరిగింది.

"నడుసుకుంటనే పోదాం. ఆటో ఎవ్వరు ఎక్కొద్దు."

"నా కోసం మీరెందుకు నడుసుడు?" అంది లచ్చవ్వ.

"నీ కోసం గాదే. నాక్గూడ ఆటో అంటె భయమే. పెద్దదాన్నని చెప్తలేను."

పొలంలో దిగి నిలబడేసరికి లచ్చవ్వ పక్కన దేవిక జాగా ఖాళీగా ఉంది. లచ్చవ్వ తన మునుం నాటుతూ, చెయ్యి చాచి ఆ మునుం కూడా నాటసాగింది. తొందరలో లోతుగా దిగక మొక్కలు తేలిపోతున్నాయి. గుంపు దూరం జరిగింది, ఆమె ఒక్కతే మిగిలింది.

"అత్తా, సాంబయ్యను రెండు కూళ్లు అడుగుదామనా?" అని గుంపులోంచి అరిచింది మనీష.

లచ్చవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. అటొకరు ఇటొకరు వచ్చి, తలా కొంత దేవిక మునుంలోకి చేతులు చాపారు.

"నడుం వంచి ఏడిస్తె కన్నీళ్లు ముక్కు కొనకొస్తయ్ సూడు," అంది లచ్చవ్వ నాతో. "తుడుసుకుందామంటె చేతులనిండ బురద."

ఆ మధ్యాహ్నం కడుపునిండా తింది. సాయంత్రం గట్టు మీద కాళ్లు కడుక్కుంటూ కనకవ్వతో చెప్పింది.

"రేపు దవాఖానకు పోదాం."

"బస్సుల పోదామా?"

"ఆటోలనే. నన్ను నడిమిట్ల కూసోబెట్టున్రి. మెల్లగ పొమ్మను."

మర్నాడు ఆటోలో కనకవ్వ, మనీష చెరో పక్క కూర్చున్నారు. మలుపు దగ్గర లచ్చవ్వ కళ్లు మూసుకుని మనీష చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కమిలిందని మనీష దవాఖాన దాకా సణుగుతూనే ఉంది.

మంచం మీంచి దేవిక తలెత్తింది.

"ఆటోల వచ్చినవా చిన్నమ్మా?"

"మరి ఎగిరొచ్చిన్నా?"

దేవిక జుట్టంతా చిక్కులు పడి ఉంది. లచ్చవ్వ పక్క మంచంవాళ్లను దువ్వెన అడిగింది.