నల్లా దగ్గర ఖాళీ వేళ

నరహరికి ఒకటే జబ్బు. ఏ రెండింటినీ ఆనుకుని ఉండనివ్వడు, నడుమ కాస్త ఖాళీ వదలాల్సిందే. దండెం మీద చీరకూ పంచెకూ నడుమ జానెడు జాగా. కంచంలో అన్నానికీ పచ్చడికీ నడుమ సరిహద్దు. పెళ్లయిన కొత్తలో మంచాలకూ ఇదే కొలత పెట్టబోతే, "గా ఆఫీసు లెక్కలు ఆఫీసులనే పెట్టుకో" అని ఆండాళు ఉరిమి చూసింది. అక్కడ మాత్రం నిబంధన సడలించాడు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. హైదరాబాద్‌లో వైర్‌లెస్ ఆఫీసులో కూర్చుని, ఒకదాంతో ఒకటి కలవకుండా నడుమ ఖాళీ వదులుతూ, జీవితమంతా ఫ్రీక్వెన్సీలు పంచాడు. పోలీసులకు ఇది, విమానాలకు అది, ఫోన్ కంపెనీలకు ఇంకోటి. రిటైరై నకిరేకల్‌లో తన మగ్గాల వీధికి తిరిగొచ్చాక పంచడానికి ఏమీ లేక పాపం కొన్నాళ్లు అల్లాడిపోయాడు. చివరికి నల్లా దొరికింది.

వీధికంతటికీ అదొక్కటే నల్లా. నీళ్లొస్తే చాలు బిందెలూ జుట్లూ కలిసిపోయేవి. నరహరి ఇంటికో వేళ కేటాయించాడు, కొట్లాటలు ఆగాయి. అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ పక్కింటి రోజారమణి వంతుకూ ఆండాళు వంతుకూ నడుమ చాలా సమయం ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలాడు.

"గప్పుడు నల్లా ఉత్తగనే ఉంటాంది మామా, జర మాకియ్యరాదు?" అంది రోజారమణి.

"గది గార్డ్ బ్యాండ్ బిడ్డా. ఆనిచ్చి ఇస్తే గట్టి సిగ్నల్ సన్న సిగ్నల్‌ను మింగేస్తది."

"గీడ గట్టి సిగ్నల్ ఎవరు?"

"మీ అత్తనే" అన్నాడు, ఆండాళు వైపు చూడకుండా.

వీధంతా నవ్వింది. ఆండాళుకు తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ నలుగురిలోనే మొగుణ్ని తిట్టిపోస్తోంది. అందులోనూ ఎండాకాలం, నీళ్లు తగ్గిపోయాయి. ఆ ఖాళీ ఎత్తేయాలని ఆదివారం అందరూ కూర్చోబోతున్నారు.

శనివారం ఆండాళు కోపం పట్టలేక, మొగుడు వదిలిన ఆ ఖాళీ వేళలోనే బిందె తీసుకుని బయల్దేరింది. నల్లా దగ్గర బిక్షమ్మ ఉంది. తెగిన పోగు అతకాలంటే వీధి వీధంతా ఒకప్పుడు ఆమె దగ్గరికే వెళ్లేది. ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. చెంబుతో బిందెలో పోస్తుంటే సగం నేలపాలవుతోంది. ఆండాళును చూడగానే చేతులు కొంగులో దాచుకుంది.

"నరహరి చెప్పిండా?"

"లే అక్కా. కట్టుకున్నదాన్ని, నాకే చెప్పలే. తే, నేను పట్టిస్త."

"వద్దు. అడిగితే అందరు పట్టిస్తరు. గని చేతులు చూస్తరు గద. మగ్గాల వీధిల గీ చేతులు ఎట్ల చూపియ్యాలె ఆండాళూ?"

ఆండాళు ఉత్త బిందెతోనే వెనుదిరిగింది. ఇన్నాళ్లూ ఆయన్ను నలుగురిలో తిట్టినందుకు దారిపొడవునా సిగ్గుపడింది.

ఆదివారం రోజారమణి లేచి, "గా ఖాళీ తీసెయ్యాలె" అంది. నరహరి నోరు తెరిచేలోపే ఆండాళు లేచింది.

"ఎట్ల తీస్తరే? గార్డ్ బ్యాండ్ లేకుంటే సిగ్నళ్లు కలిసి ఆగమైతయి, తెల్వదా?"

"నల్లాకు సిగ్నలేంది అత్తా?"

"నాకేం తెల్సు? ఉండాలె, అంతే! నీళ్లు సాలకుంటే నా వంతుల సగం తీస్కోండ్రి. దాని జోలికి మాత్రం రావద్దు."

"ఇగ ఇద్దరికీ పట్టింది" అని రోజారమణి నెత్తి కొట్టుకుంది. సగం వంతు దొరికిందిగా, అందరూ లేచి ఇళ్లకు పోయారు.

ఇంటికి నడుస్తూ నరహరి మెల్లగా అడిగాడు. "ఆడికి పోయినవా?"

"పోలే. నేనేం చూడలే" అంది ఆండాళు. "నువ్వు గూడ నాకేం చెప్పలే."